ఎరగని రుణం

కరివేపాకు చెట్టు ఆకు మీద పిట్టరెట్ట లాంటి మచ్చ కనిపిస్తే దులిపేయకండి. అది పాపిలియో పాలిటీస్ అనే సీతాకోకచిలుక పిల్లపురుగు కావచ్చు. పెరిగాక పచ్చబడుతుంది. వేలు తగిలితే తల వెనకనుంచి ఎర్రటి చీలిన కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. విజయవాడ పెరళ్లలో కరివేపాకుకూ నిమ్మకూ కొదవలేదు కాబట్టి దీనికి తిండి లోటు లేదు.

మగవన్నీ ఒకే తీరు: నల్ల రెక్కలు, వాటి మీద తెల్ల మచ్చల వరస. ఆడవాటికి మాత్రం మన దగ్గర మూడు రూపాలు. ఒకటి అచ్చం మగదానిలా ఉంటుంది. తక్కినవి రెండూ వేరే సీతాకోకచిలుకల వేషాలు: ఒకటి కామన్ రోజ్‌ది, ఒకటి క్రిమ్సన్ రోజ్‌ది. ఆ రోజ్‌ల పురుగులు ఈశ్వరి తీగ తిని పెరుగుతాయి. తీగలోని విషం రెక్కలొచ్చాక కూడా ఒంట్లో ఉంటుంది. ఒకసారి నోట కరిచిన పిట్ట వాటి రెక్కల మీది ఎరుపు జోలికి మళ్లీ పోదు. కరివేపాకు తిన్నదానికి ఆ విషం లేదు, ఆ ఎరుపే రక్ష.

ఈ ఆడ రూపాల గురించి ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ 1865లోనే రాశాడు. ఇదంతా డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువు పనేనని కృష్ణమేఘ్ కుంటే బృందం 2014లో తేల్చింది. ఒకే తల్లి గుడ్లలోంచి వేషమున్న కూతురూ లేని కూతురూ పుట్టవచ్చన్నమాట.

ఈ వేషాన్ని మోసమనడానికి నాకు మనసొప్పదు. మోసం చేయాలనుకున్నవాళ్లు ఇందులో ఎవరున్నారు? చేదు తిన్నది ఒకటి, దాన్ని గుర్తుంచుకున్నది ఒక పిట్ట, బతికింది ఇంకొకటి. ఎవరికెవరూ ఏమీ కారు. నా సంగతీ అంతే: 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టకు రాళ్లు మోసినవాళ్ల పేర్లు నాకు తెలియవు. ఆ నీటితో పండిన అన్నం మా ఇంట్లో తరతరాలుగా తింటున్నాం.

అయితే ఈ రక్షకు ఒక హద్దుంది. వేషగత్తెలు ఎక్కువై అసలువి తగ్గితే, పిట్టలు రుచి చూసి భయం మరిచిపోతాయి. కరివేపాకును ప్రతి ఇల్లూ నాటుకుంటుంది. ఈశ్వరి తీగను నాటేవాళ్లు అరుదు. అది కంచెల మీదా పొదల్లోనూ తనంతట తాను పాకాలి. ప్లాట్లు వేసేటప్పుడు మొదట నరికేది ఆ పొదల్నే.

అందుకే ఎర్ర మచ్చల రెక్కలు ఎగురుతూ కనబడితే ముందు ఒళ్లు చూస్తాను. నల్లగా ఉంటే కరివేపాకుది. ఎర్రగా ఉంటే, ఎక్కడో ఒకచోట ఈశ్వరి తీగను ఇంకా ఎవరూ నరకలేదన్నమాట.