పెద్దల కంఠమున హరినామము

కురుక్షేత్ర సంగ్రామము ముగిసినది. భీష్మపితామహుడు అంపశయ్యపై పవళించి ఉత్తరాయణమునకై నిరీక్షించుచుండెను. శ్రీకృష్ణపరమాత్మ ధర్మరాజును వెంటబెట్టుకొని ఆ వృద్ధుని చెంతకు వచ్చెను. ముందుగా ఆయన బాధను తొలగించి, బుద్ధికి నిర్మలత్వమును అనుగ్రహించి, ధర్మములను ఉపదేశింపుమని కోరెను. సర్వజ్ఞుడవగు నీవుండగా నేనేల చెప్పవలెనని భీష్ముడు ప్రశ్నించెను. నీ కీర్తి లోకమున నిలుచుటకే నీచేత చెప్పించుచున్నానని స్వామి సెలవిచ్చెను. నేడు ఇంటింట పారాయణ చేయు శ్రీవిష్ణుసహస్రనామము ఆ వృద్ధుని నోటినుండియే లోకమునకు లభించినది.

వృద్ధసేవకు ఇంతకంటె గొప్ప పాఠము లేదు. స్వామి భీష్ముని బాధను తీర్చి అంతటితో ఊరకుండలేదు, ఆయనను అడిగెను. గృహస్థులు పెద్దలకు వేళకు అన్నము పెట్టుదురు, మందులిత్తురు, పడక సవరింతురు. ఇవన్నియు అవశ్యకర్తవ్యములే. కాని, "అమ్మా, ఆ పాట ఒకసారి పాడవమ్మా" అని అడుగువారెందరు?

భాగ్యనగరమునకు తూర్పున సరూర్‌నగర్ కలదు. 1626లో నిర్మితమైన చెరువు చెంత ఒకనాడు పల్లెగా నుండిన ఈ ప్రాంతము నేడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లతో కలిసిపోయి, కాలనీలతో, అంతస్తుల భవనములతో నిండినది. నల్లగొండ మొదలగు జిల్లాలనుండి బిడ్డల వెంట వచ్చి ఇచ్చట స్థిరపడిన వృద్ధులు పలువురు. స్వగ్రామమున రామాలయపు భజనలో తాళము వేసినవారు, కోలాటమున జట్టు నడిపినవారు, ధనుర్మాసమున ముంగిట ముగ్గులు తీర్చినవారు వీరిలో కలరు. ముంగిలియే లేని ఇంట ఆ చేయి ఊరకున్నది. జట్టు లేని చోట ఆ గొంతు మూగవోయినది. వారి ఎదుట టెలివిజన్ ఉంచి, కాలక్షేపమగుచున్నదని ఇంటివారు తృప్తి చెందుదురు. శ్రవణము భక్తియే, ఐనను కీర్తనము స్థానము కీర్తనమునదే.

ఈ ప్రాంతమునకు చేరువనున్న కర్మన్‌ఘాట్ ఆంజనేయుని దర్శించు భక్తులు జాంబవంతునియు స్మరింపవలెను. వామనావతారమున త్రివిక్రమునికి ప్రదక్షిణ చేసిన ఆ వీరుడు సీతాన్వేషణనాటికి వృద్ధుడు. సముద్రమును దాటివచ్చు శక్తి లేనివాడు. ఐనను హనుమంతునికి అతని బలమును తెలియజెప్పినది ఆ వృద్ధుని వాక్కే. దేహబలము తగ్గినను, ఇతరులకు ఇయ్యదగినది పెద్దలయందు మిగిలియే యుండును.

ఆధునిక పరిశోధనయు ఈ మార్గమునే చూపుచున్నది. అమెరికాలోని వాషింగ్టన్ ప్రాంతమున డాక్టర్ జీన్ కోహెన్ బృందము జరిపి 2006లో ప్రకటించిన అధ్యయనమున, శిక్షణ పొంది బృందగానము చేసిన వృద్ధులు, చేయనివారికంటె వైద్యుని కడకు తక్కువసార్లు పోయిరి; వారు వాడిన మందులును, జారిపడుటలును తక్కువయ్యెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 3,000కు పైగా అధ్యయనములను సమీక్షింపజేసి, ఆరోగ్యమునకు కళలు తోడ్పడునని తెలిపినది. మతిమరుపు వ్యాధిచే బిడ్డల పేర్లు మరచినవారికి సైతము చిన్ననాటి పాటలు నోటికి వచ్చుట కలదు. పాట ఆ వ్యాధిని నయము చేయదు. దానిని నమ్మి ఔషధమును మానరాదు. కాని వ్యాధి మాటున నున్న మనిషిని అది పలికింపగలదు.

ఇందులకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. శనివారము సాయంకాలము దీపము వెలిగించి, ఇంటి పెద్దలనే పాట ఎత్తుకొనుమనవలెను. వారి శ్రుతికి తక్కినవారు దిగవలెను. చరణము మరచినచో తప్పుపట్టక మెల్లగా అందింపవలెను. నిలువలేనివారు కూర్చుండియే కోలలు తట్టవచ్చును. పలుకలేనివారు చేతాళము వేయవచ్చును. వంగలేనివారు బల్లపై ముగ్గు తీర్చి మనుమరాలికి నేర్పవచ్చును. అలసట కనిపించిన వెంటనే ఆపవలెను.

1408లో జన్మించి 1503లో పరమపదించిన అన్నమాచార్యులు, దినమునకొక సంకీర్తనమైనను స్వామికి సమర్పింపుమని కుమారుడైన పెద తిరుమలాచార్యునికి అప్పగించెనని చెప్పుదురు. తండ్రి పాటను కుమారుడందుకొనెను. ప్రతి ఇంటి పెద్దల కంఠమునను అట్టి పాట ఒకటి నిలిచియుండును. అడుగువాడు రాకమునుపే అది అణగిపోరాదు. భీష్ముని అడిగి పలికించిన ఆ పరమాత్మయే ప్రతి గృహస్థునికి అడుగు బుద్ధిని, అందుకొను భాగ్యమును ప్రసాదించుగాక!