తీర్పులో తొందర – అనేకాంత దృష్టి

మనుష్యుడు న్యాయస్థానమున కూర్చుండకయే ప్రతిదినము అనేక తీర్పులు చెప్పుచుండును. ఎదుటివాడు నమ్మదగినవాడా, సోమరియా, లోభియా అను నిర్ణయము ఒక్క క్షణములో మనస్సున వెలువడును. అచ్చట సాక్ష్యమును విచారించువాడు లేడు. అప్పీలు వినువాడును లేడు. ఈ తొందరను గూర్చి సాంఘిక మనస్తత్త్వశాస్త్రము చాల కాలముగా పరిశోధించుచున్నది. ఆ శాస్త్రము చెప్పు సంగతులు జైనధర్మమునకు కొత్తవి కావు. కాని ధర్మమును నిత్యజీవితమున ఎచ్చట మరచుచున్నామో చూపుటకు అవి ఉపకరించును.

ఇందుకు దృష్టాంతముగ మహారాష్ట్రములో, ఠాణే జిల్లాలోని భివండీ పట్టణమును తీసికొనవచ్చును. ముంబయికి సమీపమున నున్న ఈ ఊరు దేశములోని పెద్ద మరమగ్గాల కేంద్రములలో నొకటి. తెలంగాణమునుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు పోయిన పద్మశాలీ కుటుంబములు అచ్చట పద్మనగరము మొదలగు పేటలలో స్థిరపడినవి. ఉత్తరప్రదేశమునుండి తరతరములుగ వచ్చిన ముస్లిము నేతగాండ్రు కలరు. నూలు, కోరా గుడ్డ వ్యాపారములో గుజరాతీ, మార్వాడీ వర్తకులు కలరు. వారిలో జైనులును కలరు. పలు భాషలవారు, పలు మతములవారు ఒకే పడుగు పేకలపై ఆధారపడి బ్రతుకు పట్టణమది.

అట్టి ఊరిలో మొదట కనబడు దోషము పక్షపాతము. సెలవుపై స్వగ్రామమునకు పోయిన నేతపనివాడు చెప్పిన దినమునకు తిరిగి రాకపోయినచో, వానికి బాధ్యత లేదని యజమాని అనును. తాను పంపవలసిన సరుకు ఆలస్యమైనచో, లారీ దొరకలేదని ఆ యజమానియే అనును. కూలి పెంచని సేఠును పనివాడు లోభి యనును. నూలు ధర పెరిగి, గుడ్డ ధర పెరుగని వారములో ఆ సేఠు పడు చిక్కు వాని కంట బడదు. ఎదుటివాని తప్పునకు వాని స్వభావము కారణము, మన తప్పునకు మన పరిస్థితి కారణము! ఇట్లు పరిస్థితిని విడిచి స్వభావమునే నిందించు అలవాటును లీ రాస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1977లో మౌలికమైన పొరపాటుగ పేర్కొనెను.

పై ఇరువురిలో ఎవడును అబద్ధమాడలేదు. ఎవడు చూచిన సగమును వాడు చెప్పెను. వస్తువును ఒక వైపునుండి చూచుటను మన ఆచార్యులు నయమనిరి. అందు దోషము లేదు. తక్కిన వైపులు లేనేలేవని త్రోసివేయుటను దుర్నయమనిరి. దోషము అచ్చట నున్నది.

రెండవది చెడుపై చూపు. తానులో ఒక్కచోట పోగు తెగియున్నచో తనిఖీ చేయువాని వేలు అచ్చటనే నిలుచును. గుడ్డ విషయమున అది వాని వృత్తిధర్మము. మనుష్యుల విషయమునను మన మనస్సు అట్లే చేయును. సమానమైన మేలుకంటె కీడు మనస్సుపై బలముగ నాటుకొనునని రాయ్ బౌమైస్టరు, ఆయన సహచరులు 2001లో అనేక పరిశోధనలను క్రోడీకరించి చూపిరి. అంతకుముందే, 1979లో, కానెమన్, ట్వెర్‌స్కీ అను పండితులు లాభముకంటె నష్టము మనుష్యుని ఎక్కువగ కదలించునని చెప్పిరి. ప్రమాదమును ముందుగ పసిగట్టుటకు ఈ గుణము ఉపయోగపడును. కాని పదేండ్లు నమ్మకముగ పనిచేసినవానిని ఒక్కనాటి తప్పుతో కొలుచుట న్యాయము కాదు.

సమ్యక్త్వమునకు చెప్పబడిన ఎనిమిది అంగములలో ఉపగూహన మొకటి. అనగా పరుల దోషములను చాటింపకుండుట. అన్యాయమును కప్పిపుచ్చుమని దీని అర్థము కాదు. దోషమును దిద్దుటకు చెప్పవలసిన వానికే చెప్పవలెను. రుచికొరకు పదిమందిలో చెప్పరాదు.

మూడవది విశ్వాసము. ఇందు రెండు విధములు కలవు. తన తీర్పే సరియైనదను విశ్వాసము ఒకటి. తాను చేయగలనను విశ్వాసము మరియొకటి. మొదటిదానిని గూర్చి క్రూగర్, డన్నింగ్ అనువారు 1999లో పరీక్షలు జరిపిరి. వాస్తవమున నూటికి 12 మందికంటె మాత్రమే మెరుగుగ నున్నవారు, తాము 62 మందికంటె మెరుగని తలచిరి. అనగా, నిశ్చయముగ పలుకుట నిజమునకు సాక్ష్యము కాదు. మన శాస్త్రములు మానమును కషాయములలో చేర్చుటకు ఇదియు నొక కారణమని గ్రహింపవచ్చును.

రెండవ విధమగు విశ్వాసమును నిలుపవలెను. ఆల్బర్ట్ బందూరా 1977లో చెప్పినట్లు, అది ముఖ్యముగ చేసి గెలిచిన అనుభవమునుండి పుట్టును. కొత్తగ వచ్చిన కుర్రవానికి మొదటనే అన్ని మగ్గాలు అప్పగించి, తడబడినప్పుడు పనికిరానివాడనినచో వాడు నిజముగనే పనికిరాకుండ పోవును. రెండు మగ్గాలతో మొదలుపెట్టించినవాడు వానిని నిలబెట్టినవాడగును. జారుచున్నవానిని నిలుపుటయే స్థితీకరణమను అంగము.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఆ అంగములలో మొదటిది నిశ్శంకితము, అనగా శంక లేకుండుట. స్యాద్వాదమో ప్రతి మాటను ఒక అపేక్షతో చెప్పుమనును. రెండును ఎట్లు పొసగును? అహింస, సత్యము మొదలగు మార్గమునందు శంక ఉండరాదు. ఫలానివాడు ఇట్టివాడేయను మన తీర్పునందు నిశ్చయము ఉండరాదు. లోకము దీనిని తలక్రిందుగ ఆచరించుచున్నది: ధర్మమును శంకించును, పొరుగువాని దోషమును మాత్రము శంకింపదు.

దాని ఫలమెంత ఘోరమో భివండీ ఎరుగును. 1970 మే నెలలోను, మరల 1984 మే నెలలోను అచ్చట హిందూ ముస్లిము అల్లర్లు చెలరేగి అనేకుల ప్రాణములు పోయినవి. వదంతిని వినువానికి వైరివర్గమంతయు ఒకే ముఖముగ కనబడును. చెడువార్త అన్నిటికంటె త్వరగ నమ్మబడును. చెప్పువాని కంఠములో అనుమానము లేశమును ఉండదు. పై మూడు దోషములును ఏకమైనప్పుడు పుట్టునది అట్టి అగ్ని.

ఆ పట్టణమే మరియొక పాఠమును కూడ నేర్పెను. 1988లో పోలీసు ఉపకమిషనరుగ వచ్చిన సురేశ్ ఖోపడే పేటపేటకు మొహల్లా కమిటీలు నెలకొల్పెను. హిందువులు, ముస్లిములు అందు కూర్చుండి తమ పేటల తగవులను తామే మాటలాడుకొనిరి. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలలలో ముంబయి అల్లర్లలో సుమారు 900 మంది మరణింపగా, ప్రక్కనే యున్న భివండీ శాంతముగ నుండెను.

వేర్వేరు వర్గములవారు సమానస్థాయిలో, అధికారుల అండతో, ఒకే లక్ష్యమునకై కలిసి పనిచేసినచో ద్వేషము తగ్గునని గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే వ్రాసెను. 2006లో పెట్టిగ్రూ, ట్రాప్ అనువారు 515 అధ్యయనములను పరిశీలించి, వర్గముల మధ్య పరిచయము సాధారణముగ పక్షపాతమును తగ్గించునని తేల్చిరి. ఎదుటివాని వైపునుండి కూడ చూడవలెనని నోటితో అనినంత మాత్రమున చాలదు. వాని ప్రక్కన కూర్చుండవలెను. అనేకాంతము ఉపన్యాసములో మొదలు కావచ్చును గాని, అది నిలుచుట మాత్రము పొత్తులోనే.

పర్యూషణపు చివర శ్రావకులు బంధుమిత్రులను క్షమాపణ వేడుదురు. ఆ మాట చెప్పుకొనువారిలో పలువురికి ఒకరిపై నొకరికి పెద్ద కోపమే ఉండదు. ఏడాది పొడుగున ఎవరిని గూర్చి సగము చూచి పూర్తి తీర్పు చెప్పితిమో, ఆ పనివాడు, ఆ వర్తకుడు, ఆ పరమతస్థుడైన పొరుగువాడు ఆ దినమున గుర్తుకు రారు. నిజముగ క్షమాపణకు అర్హులు వారే. వారి యింటికి నడచిపోవుటకు శాస్త్రజ్ఞానము అక్కరలేదు; మన తీర్పు తప్పై యుండవచ్చునను ఒక్క తలంపు చాలును.