కంగారు పడతారని చెప్పలేదట!

మన ఇళ్ళల్లో తరచుగా వినపడే మాట ఒకటుంది. "ఆవిడకి చెప్పకండి, కంగారు పడుతుంది" అని. భర్త ఉద్యోగం పోయినా, కొడుకు అప్పులపాలైనా, ఆఖరికి తన ఒంట్లోనే పెద్ద జబ్బు బయటపడినా అందరికంటే చివర తెలిసేది ఆ ఇంటి ఇల్లాలికే. ఇందులో ప్రేమ లేదని నేననను. కానీ ఆ ప్రేమ ఒక తీర్పు మీద నిలబడి ఉంది. నిజాన్ని తట్టుకునే శక్తి, తెలిశాక ఏం చెయ్యాలో ఆలోచించే శక్తి ఈమెకి లేవన్న తీర్పు అది. ఆ తీర్పు చెప్పే హక్కు వాళ్ళకి ఎక్కడిదన్న ప్రశ్న నాలుగు గోడల మధ్య ఉన్నంతకాలం చిన్నదిగానే కనిపిస్తుంది. అదే ప్రశ్నని ఒక రసాయన కర్మాగారం గోడ పక్కన నిలబడి వేసుకుంటే దాని బరువెంతో తెలుస్తుంది.

మా అమ్మకి క్యాన్సరని తేలినప్పుడు డాక్టరు రిపోర్టు నాన్న చేతికిచ్చి "ఆవిడకి అల్సరని చెప్పండి" అన్నాడట. దూరంగా హాస్టల్లో చదువుకుంటున్న నాక్కూడా అల్సరనే చెప్పారు. అమ్మకి తన చెల్లెలితో పొలం దగ్గర మాట పట్టింపులొచ్చి కొన్నేళ్ళుగా రాకపోకలు లేవు. ఆ అయిదు నెలలూ "కాస్త తగ్గనీ, వెళ్ళి దాన్ని చూసొస్తా" అంటూనే ఉంది. తగ్గదని తెలిస్తే ఆ వారమే బస్సెక్కేది. పిన్నిని చూడకుండానే పోయింది. ఆమెని కంగారు నుంచి కాపాడామని ఇంటి పెద్దలు తృప్తి పడ్డారు. ఆమెకి మిగిలిన కాలాన్ని ఆమె చేతుల్లోంచి తీసేసుకున్నామని ఎవరికీ తోచలేదు.

చాలా ఏళ్ళ తర్వాత భోపాల్ గురించి చదువుతుంటే అచ్చంగా అదే వాక్యం నాకక్కడ ఎదురైంది. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో 610 నంబరు ట్యాంకులోకి నీళ్ళు చేరాయి. అర్ధరాత్రి దాటాక దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ ఊరి మీదికొచ్చింది. ఆ ఫ్యాక్టరీలో లోపలి కార్మికుల కోసం ఒక సైరన్, బయటి జనం కోసం ఇంకో సైరన్ ఉండేవి. చిన్న చిన్న లీకులకి చుట్టుపక్కల జనం కంగారు పడకూడదని 1982లో ఆ రెండింటినీ విడదీశారు. ఆ రాత్రి ఒంటిగంటకి కాస్త ముందు బయటి సైరన్ కొద్దిసేపు మోగింది. వెంటనే ఆపేశారు. లోపలిది మోగుతూనే ఉంది. కార్మికులు గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఎదురుగాలి వైపుకి వెళ్ళిపోయారు. గోడకవతల బస్తీల్లో నిద్రపోతున్న వాళ్ళకి బయటి సైరన్ మళ్ళీ వినపడేసరికి రెండు దాటింది. అప్పటికే కళ్ళు మండి, ఊపిరాడక లేచినవాళ్ళు ఎటు పడితే అటు పరుగులు తీస్తున్నారు. ప్రభుత్వం మొదట ప్రకటించిన మృతుల సంఖ్య 2,259. విషవాయువు బారిన పడినవాళ్ళు అయిదు లక్షల పైమాటే.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. భోపాల్‌లో చాలామందిని చంపింది ఆ పరుగే కదా అంటారు. నిజమే. ఆ వాయువు గాలికంటే బరువైనది. నేలని అంటిపెట్టుకుని సాగుతుంది. పరిగెత్తేవాళ్ళు ఇంకా ఎక్కువ గాలి పీలుస్తారు. పొట్టిగా ఉండే పిల్లలకి మరింత ప్రమాదం. గాలి వీచే దిక్కుకే పరిగెత్తినవాళ్ళు విషంతోపాటే ప్రయాణం చేశారు. మరి జనం కంగారు పడతారన్న భయం సరైనదేనా?

కాదు. వాళ్ళు పరిగెత్తింది తెలిసినందువల్ల కాదు, తెలియనందువల్ల. ముక్కుకీ నోటికీ తడిగుడ్డ అడ్డం పెట్టుకోమని, గాలికి అడ్డంగా పక్కకి తప్పుకోమని వాళ్ళకి ఎవరూ ఏనాడూ చెప్పలేదు. మిథైల్ ఐసోసైనేట్ నీళ్ళతో కలిస్తే మారిపోతుందన్నది దాన్ని తయారుచేసిన వాళ్ళకి తెలిసిన సంగతే. ఒక తడి చీరచెంగు చెయ్యగలిగిన పని అది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి వాళ్ళకి అన్నేళ్ళ మామూలు రోజులున్నాయి. మామూలు రోజున చెప్పాలంటే ముందు ఈ గోడ వెనక మిమ్మల్ని చంపగలిగినది ఉంది అని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే జనం ప్రశ్నలడుగుతారు. ఇక్కడెందుకు పెట్టారంటారు, లైసెన్సు ఎవరిచ్చారంటారు. అసలు భయం ఆ ప్రశ్నలదే. దానికి 'జనం కంగారు' అని పేరు పెట్టారు.

భోపాల్ తర్వాత చట్టాలు మారాయి. 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41బి సెక్షను, ప్రమాదకర పరిశ్రమ తన దగ్గరున్న అపాయాల గురించీ, వాటి నుంచి తప్పించుకునే పద్ధతుల గురించీ కార్మికులకే కాదు, చుట్టుపక్కల ప్రజలకి కూడా చెప్పి తీరాలంది. 1989 నిబంధనలు ఫ్యాక్టరీ బయటి ప్రాంతానికి కూడా ముందస్తు ప్రణాళిక ఉండాలన్నాయి. 1996 నిబంధనలు స్థానిక స్థాయి దాకా సంక్షోభ నివారణ బృందాలు వెయ్యమన్నాయి. అంటే తెలుసుకోవడం హక్కేనని కాగితం మీద ఒప్పుకున్నారు.

2020 మే 7 తెల్లవారుజామున మూడింటికి ఆ కాగితం విశాఖపట్నంలో పరీక్షకి నిలబడింది. లాక్‌డౌన్ కాలంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులో నిలవున్న స్టైరీన్ వేడెక్కి, ఆవిరై ఆర్.ఆర్. వెంకటాపురం మీద కమ్ముకుంది. 12 మంది చనిపోయారు. కరోనా వల్ల ఇంట్లోంచి కదలొద్దని అన్ని వారాలుగా చెప్పించుకున్న జనం ఆ రాత్రి ఇల్లొదిలి పరిగెత్తి రోడ్ల మీదే స్పృహ తప్పి పడిపోయారు. సైరన్‌ను 36 చోట్ల నుంచి మోగించే వీలుండి కూడా మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఆ జులైలో తేల్చింది. భోపాల్‌కీ దీనికీ మధ్య 35 ఏళ్ళు. అక్కడ మోగిన సైరన్ ఆపారు, ఇక్కడ అసలు మోగించనే లేదు.

విపత్తుల్లో జనం నిజంగా అంత కంగారు మనుషులైపోతారా అన్నది సామాజిక శాస్త్రవేత్తలు ఎప్పుడో పరిశీలించారు. ఎన్రికో క్వారంటెల్లి లాంటివాళ్ళు దశాబ్దాల పాటు చేసిన అధ్యయనాల్లో, గుంపులు గుంపులుగా మతి తప్పి ప్రవర్తించడం చాలా అరుదని తేలింది. మనుషులు ముందు పక్కింటి తలుపు కొడతారు. పిల్లల్ని లెక్కపెట్టుకుంటారు. ముసలివాళ్ళని మోస్తారు. లీ క్లార్క్, కారన్ చెస్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ఈ విషయాన్నే తిరగేసి చూపించారు. కంగారు పడేది ఎక్కువగా పైనున్నవాళ్ళేననీ, జనం కంగారు పడతారన్న కంగారులో వాళ్ళు సమాచారాన్ని తొక్కిపెడతారనీ అన్నారు. ఇది చదివినప్పుడు మన ఇంటి పెద్దలు గుర్తురాకుండా ఉంటారా!

'ఖాళీ చేయండి' అన్న ఆదేశం ఎవరిని ఊహించుకుని తయారవుతుందో కూడా చూడాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండి, తన ఒక్క ప్రాణం పట్టుకుని వెళ్ళిపోగలిగిన మనిషిని ఊహించుకుంటుంది. అర్ధరాత్రి ఏ ఇంట్లోనైనా స్త్రీ చేతులు ఖాళీగా ఉంటాయా? చంకలో ఒకరు, చెయ్యి పట్టుకుని ఇంకొకరు, మంచం దిగలేని అత్తగారు, కట్టేసి ఉన్న గేదె. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళే ఆమెని అధికారుల భాష 'కంగారులో వెనుదిరిగింది' అంటుంది. నేనైతే ఆమె బాధ్యతల్ని లెక్కేసుకుని వెనుదిరిగిందంటాను. అది ఆలోచనే. ముందే తెలిసుంటే ఆ లెక్క ఇంకోలా వేసుకునేది. ఎవరిని ముందు తియ్యాలో, ఎవరికి తడిగుడ్డ కట్టాలో, ఏ సందులోంచి పోవాలో ఆమెకంటే బాగా ఏ కలెక్టరాఫీసూ నిర్ణయించలేదు.

తప్పుడు హెచ్చరికలకి కూడా మూల్యం ఉంటుందని నాకు తెలుసు. ఊరికే మోగే సైరన్‌ని జనం నమ్మడం మానేస్తారు. తొక్కిసలాటలో ఎవరైనా పోవచ్చు కూడా. కానీ ఆ మూల్యం చెల్లించేది వాళ్ళే, ఊరుకుంటే వచ్చే మూల్యం చెల్లించేదీ వాళ్ళే. రెండిట్లో ఏది నయమో వాళ్ళని అడక్కుండా, ఏ మూల్యమూ చెల్లించనివాడు నిర్ణయించడం ఏ నీతి?

భోపాల్‌లో ఈ పెద్దరికం ఆ ఒక్క రాత్రితో ఆగలేదు. 1985లో కేంద్రప్రభుత్వం చట్టం చేసి బాధితులందరి తరఫునా దావా వేసే హక్కు తానే తీసుకుంది. సుప్రీంకోర్టు 1989 డిసెంబరులో ఆ చట్టాన్ని సమర్థిస్తూ, తమని తాము కాపాడుకోలేని ప్రజలకి రాజ్యమే తండ్రి అన్న సూత్రాన్ని వాడింది. ఆ తండ్రి అప్పటికే, ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే, బిడ్డల్ని ఒక్క మాటైనా అడక్కుండా 47 కోట్ల డాలర్లకి కంపెనీతో రాజీ పడిపోయాడు. మనువు స్త్రీకి మూడు దశల్లో ముగ్గురు సంరక్షకుల్ని ఏర్పాటు చేశాడు. భోపాల్‌లో నాలుగోవాడు దిగాడు. ఈసారి పేద మగవాళ్ళు కూడా మన స్థానంలోకే వచ్చారు. పితృస్వామ్యమంటే మగవాళ్ళు ఆడవాళ్ళ మీద చేసే పెత్తనం మాత్రమే కాదనీ, కొందరిని ఎప్పటికీ మైనర్లుగానే ఉంచే పద్ధతి అనీ నాకు అర్థమైంది ఇక్కడే.

ఆ మైనర్లలోంచే రషీదా బీ, చంపాదేవి శుక్లా వచ్చారు. ఒకరు పర్దాలో పెరిగిన ముస్లిం స్త్రీ, ఇంకొకరు హిందూ స్త్రీ. ఇద్దరూ ఆ వాయువుకి తమ ఇంటివాళ్ళని పోగొట్టుకున్నారు. బాధిత స్త్రీల కోసం పెట్టిన స్టేషనరీ తయారీ పనిలో కలుసుకుని యూనియన్ పెట్టారు. 1989లో తోటి స్త్రీలతో కలిసి భోపాల్ నుంచి ఢిల్లీకి నడిచారు. 2004లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వస్తే ఆ డబ్బుతో, పుట్టుకతోనే వైకల్యాలున్న పిల్లల కోసం చింగారీ ట్రస్టు పెట్టారు. ఆ వాయువు ఒంట్లో ఏం చేస్తుందో కంపెనీకి తెలిసినదంతా బయటపెట్టాలని భోపాల్ ఉద్యమం మొదటినుంచీ అడుగుతూ వచ్చింది. నష్టపరిహారంతోపాటు వాళ్ళు అడిగింది సమాచారం. తెలిస్తే తట్టుకోలేరని ఎవరి గురించి అనుకున్నారో, తెలియజెప్పమని దశాబ్దాల పాటు రోడ్డు మీద నిలబడింది వాళ్ళే.

అందుకే ప్రమాద సమయంలో హెచ్చరించడం అనేది సాంకేతిక వ్యవహారంగా నాకు కనపడదు. అది ఎదుటివాళ్ళని మనుషులుగా ఒప్పుకోవడం. ఫ్యాక్టరీ గోడ పక్క వీధిలో, ఆడవాళ్ళు పని ముగించుకుని కూర్చోగలిగిన వేళ చూసి, వాళ్ళ భాషలో, లోపల ఏముందో, అది బయటికొస్తే ఏ వాసన వస్తుందో, ఏ కూతకి ఏం చెయ్యాలో చెప్పాలి. ఏ ప్రమాదమూ జరగని రోజునే చెప్పాలి. వాళ్ళడిగే ప్రశ్నలకి నిలబడి జవాబివ్వాలి. విన్నవాళ్ళు భయపడతారు, నిజమే. భయపడాల్సిన దానికి భయపడటం తెలివే. ఆ భయంతో ఏం చెయ్యాలో వాళ్ళు చూసుకుంటారు. ముందు చెప్పండి.