దొర్కా కుట్టిన బట్టలు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 9:36–42



యొప్పే పట్టణములో తబితా అను శిష్యురాలు చనిపోయినప్పుడు అక్కడివారు పేతురును పిలువనంపిరి. ఆమెకే దొర్కా అని మరియొక పేరు. పేతురు మేడగదిలోనికి రాగానే విధవరాండ్రు ఆయన చుట్టు నిలిచి యేడ్చుచు, ఆమె తమకు కుట్టి యిచ్చిన బట్టలను చూపిరి. ఆమె పలికిన మాట ఒక్కటియు లూకా వ్రాయలేదు. ఆమెను పొగడుచు ఎవరైనను ప్రసంగించినట్లును లేదు. బట్టలు చూపిరి, అంతే. ఈ భాగమును మేము అనేక పర్యాయములు బోధించితిమి గాని, గడచిన దినములలో ఒక మిత్రుని సమాధియొద్ద నిలిచిన తరువాతనే ఇది మాకు తెలిసివచ్చెను.

పల్లె సంఘములకు తిరుగుటకై మేమొక పాత జీపు కొనినప్పుడు అతనితో పరిచయము కలిగెను. పాత జీపులను బాగుచేసికొని, సెలవు దినములలో బాటలేని కొండలలోను ఏటి ఇసుకలోను నడుపుట సరదాగా గలవారి జట్టు ఒకటి మా ప్రాంతమున ఉన్నది. ఇది డబ్బు తగులబెట్టు సరదా కాదా అని మీలో పెద్దలు అడుగవచ్చును. మేమును మొదట అట్లే తలంచితిమి; ఆ తలంపు ఇప్పటికిని మాకు పూర్తిగా పోలేదు. అయినను ఆ జట్టులో రైతులు, బడిపంతుళ్లు, మందుల దుకాణపు కుర్రవాడు, అందరును చెట్టుక్రింద కూర్చుండి, నీ కులమేమని అడుగక ఒకే క్యారేజీలోని అన్నము పంచుకొని తినుట చూచితిమి. మన విందులలో అది ఎల్లప్పుడును కనబడునా? ఆ సంగతి అటుండనిండు.

వారందరికిని అతడే అన్న. గత మహాయుద్ధములో ఈ జీపులు ఆరు లక్షలకు పైగా తయారైనవనియు, 1947లో మహీంద్రా వారు విల్లీస్ జీపును మన దేశమునకు తెచ్చిరనియు కథవలె చెప్పెడివాడు. అతని నోటి తెలివికంటె చేతి తెలివి గొప్పది. వాగు దాటవలసివచ్చిన, తానే ముందు చెప్పులు విడిచి, కఱ్ఱతో లోతు చూచుకొనుచు అవతలి గట్టువరకు నడచి వచ్చును. తాను నడువలేని నీటిలోనికి బండిని పంపడు. తరువాత ఫ్యాను బెల్టు వదులు చేయించును. లేనియెడల ఫ్యాను నీళ్లను ఎగజిమ్మి, ప్లగ్గు తీగెలు తడిసి, నడివాగులో ఇంజను ఆగిపోవును. గట్టెక్కిన పిమ్మట బ్రేకు మెల్లగా నాలుగైదు సార్లు త్రొక్కుమనును, తడి బ్రేకు పట్టదు గనుక. గట్టి రోడ్డుమీద నాలుగు చక్రములకు బలమిచ్చు మీటను వేసియుంచితిమని మమ్మును ఒకసారి కోపపడెను. మలుపులో ముందు చక్రములు వెనుక చక్రములకంటె ఎక్కువ దూరము తిరుగును గనుక లోపలి పళ్లచక్రములు పెనుగులాడి పాడగునట.

ఒకనాడు ఇసుకలో మా బండి దిగబడెను. మేము ఇంజనును గట్టిగా అరపించిన కొలది చక్రములు లోతునకు పోవుచుండెను. అతడు నవ్వి, టైర్లలోని గాలి కొంత తీసివేసెను. చక్రములు వెడల్పుగా పఱచుకొని బండి లేచి వచ్చెను. “గాలి తగ్గితేనే లేస్తుందండీ, అయ్యగారూ!” అనెను. ఆ మాటను మేము మూడు ప్రసంగములలో వాడుకొంటిమి. అది అతని మాటయని ఒక్కసారియు చెప్పలేదు.

సమాధి దినమున తొమ్మిది జీపులు వచ్చెను. ప్రార్థన ముగిసినను యౌవనస్థులు కదలలేదు. “ఈ గేరుపెట్టె అన్న విప్పి కట్టిందే” అని ఒకడు, “మారేడుమిల్లి వాగులో దీన్ని అన్నే బయటికి లాగాడు” అని మరియొకడు చెప్పసాగిరి. ఇంకొకడు బోనెట్టు ఎత్తి, అతడు ఎప్పుడో ఇనుప తీగెతో వేసిన కట్టును మాకు చూపి, చిన్నపిల్లవానివలె ఏడ్చెను. యొప్పేలోని మేడగది మా కన్నులయెదుట నిలిచెను.

అప్పుడు అతని భార్య మాతో నెమ్మదిగా ఇట్లనెను: “అయ్యగారూ, వచ్చినవాళ్లంతా బండి జబ్బు చెప్పుకోడానికే వచ్చారు. ఆయన ఆయాసం సంగతి ఒక్కరైనా అడిగారా?”

మాకు జవాబు లేకపోయెను. పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, లోపల ఏ బేరింగు అరిగెనో అతడు చెప్పెడివాడు. పోయిన చలికాలమందు చిన్న మెట్ట యెక్కుచు అతడు మూడుసార్లు నిలువబడగా మేము చూచితిమి. వయస్సు వచ్చెనులే అని పరిహాసమాడితిమి. పది నిమిషములు తరువాత మా కార్బురేటరు సంగతి అడిగితిమి.

దొర్కా కాయిలాపడి చనిపోయెనని లూకా క్లుప్తముగా చెప్పి విడిచెను. ఆమె కుట్టిన బట్టలు కట్టుకొన్నవారు ఆమె మంచముయొద్ద కూర్చుండిరో లేదో వాక్యము చెప్పదు గనుక వారిమీద మేము నేరము మోపము. మామీద మోపుకొనుటకే చాలినంత యున్నది.

పేతురు మోకాళ్లూని ప్రార్థింపగా ఆమె లేచి కూర్చుండెను. మా మిత్రుడు లేవలేదు. దేవుని చిత్తమని వెంటనే చెప్పి ఈ గాయమును మూయుటకు మాకు ధైర్యము చాలదు. జ్ఞానము గతించునని 1 కొరింథీయులకు 13వ అధ్యాయములో పౌలు వ్రాసెను. ఇంజను చప్పుడునుబట్టియే దాని రోగము చెప్పు అతని విద్య నిజముగానే గతించెను, ఎవరును వ్రాసికొనలేదు. ఆ అధ్యాయములోనే ప్రేమ నశింపదనియు వ్రాయబడియున్నది. కూలి అడుగక, అర్ధరాత్రి పిలిచినను లాంతరు పట్టుకొని వచ్చినవాని తెలివిలో ఏది జ్ఞానము, ఏది ప్రేమ? విడదీయుట మావల్ల కాదు. లాజరును లేపబోవుచున్నానని యెరిగియు యేసు ప్రభువు కన్నీరు విడిచెను. థెస్సలొనీక సంఘమువారికి పౌలు దుఃఖపడవద్దని చెప్పలేదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని చెప్పెను. ఆ నిరీక్షణతోనే అతనిని మట్టికి అప్పగించితిమి.

జ్ఞాపకార్థ కూడికకు ఆ యౌవనస్థులు మరల వచ్చిరి. భోజనమైన తరువాత అందరును ఒక జీపు చుట్టు చేరి క్లచ్చు సంగతి మాటలాడుచుండగా, తీగె కట్టు చూపి యేడ్చినవాడు గోడయొద్ద ఒంటరిగా కూర్చుండెను. మేము పోయి ప్రక్కన కూర్చుండి, “ఒంట్లో ఎలా ఉంది, బాబూ?” అని అడిగితిమి. చాలసేపు పలుకలేదు. తరువాత, మూడు నెలలుగా తనకు నిద్ర లేదనియు, అప్పు సంగతి ఇంటిలో చెప్పలేదనియు అనెను. మిగిలినవారు ఒక్కొక్కరే వచ్చి మాచుట్టు నేలమీద కూర్చుండిరి. ఆ రాత్రి మరల ఎవరును బండి మాట ఎత్తలేదు.