నిప్పు ఎవరిది?

వెదుళ్లు రాసుకుని అడవి అంటుకుందని మన పెద్దలు చెప్పేవారు. నిజానికి మన అడవుల్లో మంటలు ఎక్కువగా మనుషుల వల్లనే పుడుతున్నాయి.

ఎండకాలం పాత వరంగల్ జిల్లాలోని ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో నేలంతా ఎండుటాకే. దారిన పోయేవారు ఆర్పని బీడీ ముక్క పడేస్తారు. తునికాకు చిగురు కోసం, పశువుల గడ్డి కోసం కొందరు అంటిస్తారు. నింద మాత్రం ఆదివాసీలందరి మీదా పడుతుంది. అది అన్యాయమే.

కానీ ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చి, ఆర్పకుండా ఇంటికొచ్చిన రోజు నాకూ ఉంది. ఆ మంటలో లేత ఇప్ప మొక్కలు కూడా కాలిపోతాయి.

2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారాన్నీ గ్రామసభకు ఇచ్చింది. హక్కు అడిగిన నోటితోనే తప్పూ ఒప్పుకోవాలి. ఆకు ఊడ్చినా పువ్వు దొరుకుతుంది. ఆ ఓపిక మనకు లేకపోతే, మన మనవలకు ఇప్పచెట్టే ఉండదు.