ప్రమాదమూ – వ్యక్తి బాధ్యతా

ఫ్యాక్టరీలో ఒక మనిషి చెయ్యి నలిగిపోయిన మర్నాడు మొట్టమొదట పుట్టే ప్రశ్న "తప్పెవరిది?" అనేది. యంత్రం ఎందుకలా వుంది, పని అంత వేగంగా ఎందుకు నడుస్తోంది అన్నవి ఆ తర్వాతెప్పుడో వస్తాయి; చాలాచోట్ల రానే రావు. యాజమాన్యం జవాబు సిద్ధంగా వుంటుంది: కార్మికుడు అజాగ్రత్తగా వున్నాడు. మన జవాబూ అంత సిద్ధంగానే వుంటుంది: దోపిడీ వ్యవస్థదే తప్పు. ఈ రెండోది మొదటిదానికంటే సత్యానికి చాలా దగ్గర. అయినా అది చాలదనీ, చాలదని మనం ఒప్పుకోనంతకాలం మొదటి జవాబే గెలుస్తూ వుంటుందనీ నా అభిప్రాయం.

మొదటి జవాబుకు శాస్త్రమనే గౌరవం తెచ్చిపెట్టినవాడు హైన్రిచ్. అమెరికాలో ఒక బీమా కంపెనీ వుద్యోగి. నూటికి 88 ప్రమాదాలు మనుషుల చేతలవల్లనే జరుగుతాయని 1931లో వెలువడిన తన గ్రంథంలో తేల్చాడు. ఆ లెక్కకు ఆధారం బీమా క్లెయిముల కాగితాలూ, ఫ్యాక్టరీ యజమానుల రికార్డులూ. యజమాని రాసిన కాగితంలో తప్పు ఎవరిదని తేలుతుందో చెప్పడానికి గణితశాస్త్రం అక్కరలేదు.

అంతకు చాలా ముందే, 'కాపిటల్' మొదటి సంపుటంలో పనిదినాన్ని గురించిన అధ్యాయంలో, లండనులో విచారణకు నిలబడిన ముగ్గురు రైల్వే కార్మికుల సంగతి మార్క్సు చెప్పాడు: ఒక గార్డు, ఒక ఇంజను డ్రైవరు, ఒక సిగ్నలు మనిషి. ప్రయాణికుల ప్రాణాలు తీసిన ప్రమాదానికి వీరి అజాగ్రత్తే కారణమన్నారు. పదేళ్ళ కిందట రోజుకు 8 గంటలుండే పని 14, 18, 20 గంటలకు పెరిగిందనీ, సెలవుల రద్దీలో 40, 50 గంటలు ఎడతెరిపి లేకుండా చేయవలసి వచ్చేదనీ వాళ్ళు మొరపెట్టుకున్నారు. జ్యూరీ వాళ్ళను నరహత్య నేరం మీద పైకోర్టుకు పంపింది. కంపెనీలను మాత్రం ఇకమీద కాస్త ఎక్కువమందిని పెట్టుకోమని మర్యాదగా కోరింది.

ఇంతవరకూ మన వాదం సులభమే. కష్టం ఎక్కడ వస్తుందో చెబుతాను.

నా పాత విద్యార్థి ఒకడు, శ్రీకాకుళం జిల్లావాడు, హైదరాబాదు బాలానగరులో ఒక ప్రెస్సు షాపులో కుడిచేతి వేళ్ళు మూడు పోగొట్టుకున్నాడు. ఆ ప్రెస్సుకు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పైభాగం దిగుతుంది. చేతులు బటన్ల మీద వుంటాయి గనక డై కింద వుండవు. ఇతను ఒక బటనులో చెక్కముక్క దోపి, ఎడమచేత్తో రెండోది నొక్కుతూ, కుడిచేత్తో రేకు అందించేవాడు. గంటకు మరికొన్ని ముక్కలు పడతాయి, కూలి ముక్కకింత. "నాదే తప్పు మేస్టారూ, ఆ చెక్క నేనే పెట్టాను" అన్నాడు.

"నీ తప్పేమీ లేదు, అంతా వ్యవస్థే చేసింది" అనడం దయగానే కనబడుతుంది. కాని అందులో ఒక అవమానం దాగివుంది. యజమాని అతన్ని యంత్రంలో ఒక భాగంగా చూశాడు, మనం వ్యవస్థలో ఒక భాగంగా చూస్తున్నాం. చెక్క పెట్టింది నేనే అన్నవాడు, తాను ఆలోచించి పని చేసే మనిషినని చెప్పుకుంటున్నాడు. ఆ మాటను అతని దగ్గర నుంచి లాక్కునే హక్కు మనకెక్కడిది? దేనికీ బాధ్యుడు కానివాడు రేపు సమ్మెకు మాత్రం ఎలా బాధ్యుడవుతాడు?

అయితే అతను ఒప్పుకున్నదెంత? చెక్క పెట్టడం వరకే. ముక్కకింత అని రేటు కట్టింది అతను కాదు. ఆ చెక్క రోజూ కళ్ళబడుతున్నా, ముక్కల లెక్క చూసి వూరుకున్న సూపర్‌వైజరు ఒకడున్నాడు. ఒక బటను నొక్కివుంచితే ప్రెస్సు అసలు కదలకుండా చేసే ఏర్పాట్లు ఏనాడో వచ్చాయి. వాటికి డబ్బు పెట్టనన్నవాడు ఒకడున్నాడు. ఎవరి చేతిలో ఎంత అధికారం వుందో, వద్దనడానికి ఎవరికెంత ఖరీదు పడుతుందో చూసి బాధ్యతను కొలవాలంటాను. అలా కొలిస్తే కార్మికుడి వాటా సున్న కాదు, చిన్నది. యజమాని వాటా కూడా "వ్యవస్థ" అనే మాటలో కరిగిపోదు. అతనికి పేరుంది, కాగితాలమీద సంతకముంది. జైలుకు పంపడానికి వ్యవస్థకు ఒళ్ళు లేదు గదా! 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత, ఎవరో కోపంతో వున్న కార్మికుడు ట్యాంకులోకి నీళ్ళు వదిలాడని యూనియన్ కార్బైడ్ వాదించింది. అది నిజమే అనుకున్నా, ఆ ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని నెలల ముందే ఆపేసిన నిర్ణయం ఏ కార్మికుడిదీ కాదు.

వలస ప్రభుత్వం చేసిన 1923 నాటి పరిహార చట్టం కార్మికుడి తప్పును మరోలా కొలిచింది. రక్షణ సాధనాన్ని కార్మికుడు తెలిసి, కావాలని తొలగించివుంటే గాయానికి పరిహారం వుండేది కాదు. చనిపోతే మాత్రం యజమానికి ఆ సాకు చెల్లేది కాదు. అంటే వేళ్ళు పోగొట్టుకున్నవాడి చెక్కముక్క కోర్టులో సాక్ష్యమయ్యేది, ప్రాణం పోగొట్టుకున్నవాడిది కాదు. ముక్కకూలి మీద ఇంటికి డబ్బు పంపేవాడి విషయంలో "కావాలని" అనే మాటకు అర్థమేమిటో న్యాయశాస్త్రం చదివే మన విద్యార్థులు తర్కించాలి.

యూనియన్లు పరిహారం కోసం పోరాడతాయి, అది అవసరమే. డబ్బు చేతికందాక ఆ ప్రెస్సు ముందు ఎవరు కూర్చున్నారని అడగడం మాత్రం అరుదు. ఆ బటనులో చెక్క ఇంకా వుందా, పక్క యంత్రం వాడు దాన్ని చూసి ఏమైనా అన్నాడా, అన్నవాడి పని నిలిచిందా, వూడిందా అని ఎవరూ అడగరు.