తార చెప్పిన రెండు హితవులు

శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండను చదువునపుడు మనము సుగ్రీవమైత్రిని స్మరింతుము. అదే కాండమున, కోపము ఇంటిని ఎట్లు కూల్చునో, సకాలమున పలికిన హితవాక్యము దానిని ఎట్లు నిలుపునో కూడ వాల్మీకి మహర్షి చూపినాడు. రెండు ఘట్టములందును హితము చెప్పినది తారయే.

మొదటి ఘట్టమున సుగ్రీవుడు ఓడిపోయి, వెంటనే మరల యుద్ధమునకు పిలిచెను. వాలి కోపముతో లేచెను. తార అతనిని వారించెను. ఓడినవాడు తిరిగి వచ్చుటకు కారణముండునని, అతనికి శ్రీరాముని అండ దొరకినట్లు చారులవలన అంగదునికి తెలిసినదని చెప్పెను. తమ్ముని యువరాజుగా చేసి వైరము మానుమని బ్రతిమాలెను. వాలి వినలేదు. ఆ సమయమున ఆమెకు తోడుగా మరియొకరు పలికినట్లు మహర్షి చెప్పలేదు. ఫలితము మనకు తెలిసినదే.

రెండవ ఘట్టమున వానకాలము గడచినను సుగ్రీవుడు ఇచ్చిన మాట మరచియుండెను. లక్ష్మణస్వామి ధనుస్సు పట్టి బయలుదేరెను. ఆ కోపమునకు కారణమున్నది. అయినను శ్రీరాముడు ముందుగనే తమ్ముని వారించి, పరుషవాక్యములు వలదనెను. ఇటు హనుమంతుడు సుగ్రీవునితో, అపరాధము నీదే, చేతులు జోడించి ప్రసన్నుని చేసికొనుమనెను. పిదప తార లక్ష్మణునికి ఎదురేగెను. ఆమె తన భర్త తప్పును దాచలేదు. సేనలను రప్పించుటకు ఆజ్ఞ అయినదని కూడ తెలిపెను. ఒక్క బాణమైనను విడువకయే ఆ ఆపద తొలగినది.

భేదమెక్కడ నున్నది? మొదట ఒక్కతె చెప్పెను. తరువాత ముగ్గురు చెప్పిరి. మొదట ఒక వైపే హితోపదేశము జరిగెను. తరువాత ఇరువైపుల జరిగెను. మన సంప్రదాయమున అమ్మవారి పురుషకారము కూడ ఇట్టిదే. ఆ తల్లి ఉపదేశముచే చేతనుని దిద్దును, స్వామిని కరుణవైపు త్రిప్పును అని పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణమున వివరించిరి.

నేడు కొన్ని ఇండ్లలో భర్త భార్యపై చేయి చేసికొనుచుండును. ఇరుగుపొరుగువారు విందురు; “వారి సంసారము మనకెందుకు” అని తలుపు మూసికొందురు. తార ఒంటరియైనట్లే ఆ ఇల్లాలు ఒంటరి యగును. మరికొందరు పెద్దలు వచ్చి ఆమెనే ఓర్చుకొనుమందురు. అది హితవు కాదు. హనుమంతుడు తప్పు చేసినవానినే వంగుమనెను, నష్టపడినవారిని సహింపుమనలేదు. ఇంటి ఇల్లాలును భగవంతుని భక్తురాలే. ఆమెను కొట్టి కోవెలకు వచ్చువాడు భాగవతాపచారమును మూటగట్టుకొనుచున్నాడు.

కావున, కోపము గాని, మత్తు గాని దిగిన వేళ, ఆ గృహస్థు గౌరవించు పెద్దలు ఇద్దరు ముగ్గురు కలసి అతనితో మాటలాడవలెను. తప్పును తప్పని చెప్పవలెను. ఆమెతో వేరుగా, స్త్రీలచేత మాటలాడింపవలెను. ఆమె చెప్పినది ఊరంతయు చాటరాదు. ప్రాణభయమున్నచో ముందు ఆశ్రయము, తరువాతనే రాజీమాట. 2005 గృహహింస నిరోధక చట్టము ప్రకారము హింస జరిగినదని తెలిసిన వారెవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్భావముతో తెలిపినవారికి దోషము లేదు. అవసరమైనచో న్యాయాధికారి కౌన్సెలింగుకు కూడ ఆదేశింపవచ్చును. స్త్రీలకు సహాయము కొరకు 181, తక్షణ ఆపదలో 112 సంఖ్యలు గలవు.

భజనగోష్ఠులలో ప్రతి వారము కలసికొను మనకు, ఎవరి ఇంట కన్నీరున్నదో తెలియకపోదు. గోవిందనామము పలికిన నోటితోనే ఆ ఇంటి గుమ్మమున నిలిచి ఒక మంచిమాట చెప్పుదము. వాలి ఇంట జరిగినది మన వీధిలో జరుగకుండుగాక. శ్రీనివాసుడు అలమేలుమంగా సమేతుడై ఎల్లర గృహములను శాంతితో నింపుగాక.